ఇంజనుకు పోసిన తాగేనీళ్లు

మాది అనంతపురం వైపు. మా బండ్లకు దుమ్ము తెలుసు గాని మునక తెలియదు. దుప్పట్లు అమ్ముకోవడానికి దివిసీమ వెళ్లినప్పుడు, నాగాయలంక దాటాక ఒక ఊళ్లో సముద్రపు పోటు నా ట్రాలీ ఆటోను ముంచేసింది. నాకున్న బతుకుతెరువు అదొక్కటే. నీళ్లు తగ్గగానే తాళం తిప్పబోయాను.

“ఆగండి బాబాయ్! తిప్పితే ఇంజను పోద్ది!” అంటూ పడవ ఇంజన్లు బాగుచేసే నాంచారయ్య పరుగెత్తుకొచ్చాడు. ఇంజను తడిని వేలితో అద్ది నాలుక మీద పెట్టుకున్నాడు. “ఉప్పండీ. మంచినీళ్లతో మళ్లీ తడపాలి.”

“మునిగినదాన్ని మళ్లీ తడిపేదేంది? మతి పోయిందా నీకు?” అన్నాను.

ఈలోగా అతని భార్య ఇంట్లోంచి బిందెలు తెచ్చి కుమ్మరించసాగింది. అవి తాగేనీళ్లు. ఆ ఊళ్లో బోరు వేస్తే ఉప్పునీళ్లే పడతాయి; మంచినీళ్లు పక్క ఊరి నుంచి మోసుకురావాల్సిందే.

“మరి మీరేం తాగుతారమ్మా?”

“మేం సాయంత్రం దాకా ఆగుతాం బాబాయ్. ఇనుము ఆగదు, ఉప్పు తినేసుద్ది.”

నాంచారయ్య పాత ఆయిలు తీసి కొత్తది పోశాడు, వైర్లు ఆరబెట్టాడు. మధ్యాహ్నానికి బండి పలికింది. తడిసిన దుప్పట్లను వాళ్ల దడి మీదే వదిలేసి, ఖాళీ బిందెలన్నీ ఎక్కించుకుని మంచినీళ్లకు బయలుదేరాను.

“మెల్లగా బాబాయ్, ఒలికితే మళ్లీ నువ్వే ఎళ్లాలి!” అని వెనక నుంచి అరిచిందావిడ.