టమాటా పెట్టెల వెంట పలమనేరు నుంచి రేణిగుంట దాకా

తిరుపతిలో ఒక కాలేజీలో సరుకు రవాణా పాఠం చెబుతాను. లారీలో వచ్చిన సరుకు రైలెక్కి దూరం పోతే ఖర్చు తగ్గుతుందని, ప్రభుత్వ విధానం కోరేదీ అదేనని, బోర్డు మీద లారీకీ రైలుకీ మధ్య బాణం గీసి ఎన్నేళ్ళుగా చెప్పానో! మొన్న ఒక విద్యార్థిని లేచి, "మేడమ్, మీరెప్పుడైనా సూసినారా?" అంది. ఒళ్ళు మండింది. చూడలేదు మరి! ఆ ఉక్రోషంతోనే పలమనేరు బస్సెక్కాను. మూడు గంటల ప్రయాణం, టికెట్టు నూట అరవై. రాత్రికి అక్కడే లాడ్జిలో ఉన్నాను. పొద్దున చలికి శాలువా తీసుకెళ్ళడం మంచిది.

ఉదయం ఆరింటికి మార్కెట్ బయట లారీ నింపుతున్నారు. డ్రైవర్ మునిరత్నం ఇరవై ఏళ్ళుగా ఈ దారినే తిరుగుతున్నాడు. నాతోపాటు ముందు సీట్లో గ్రేసక్క. రెండెకరాల రైతు, సరుకు రైల్లో పంపడం ఇదే మొదటిసారి కాబట్టి వెంట వస్తోంది. ఆమెవి నలభై పెట్టెలు, బాగా పండిన టమాటా, విజయవాడకు. మిగతావి వేరే రైతుల దోరకాయలు, ఢిల్లీకి. రత్నం ఢిల్లీవి లోపల, విజయవాడవి తలుపు దగ్గర పేర్పించాడు.

"ముందు దిగేది తలుపు కాడ ఉండాల మేడమ్. మాకిది అలవాటే" అన్నాడు. ఆహా, ఎంత పద్ధతి అనుకుని గబగబా నోట్సులో రాసుకున్నాను.

మొగిలి ఘాటు దిగుతున్నంతసేపూ గ్రేసక్క మలుపు మలుపుకీ వెనక్కి తిరిగి చూసింది. "బాగా పండినాయి మేడమ్. రెండు దినాలు దాటితే నీళ్ళే. పోయినసారి ధర లేక రోడ్డు పక్కన పారబోసినాం. ఈసారి బెజవాడోళ్ళు తీసుకుంటామన్నారు" అంది. చిత్తూరులో టిఫినుకు ఆగాం. ఇడ్లీ, వడ కలిపి మనిషికి అరవై. ఆమె ముట్టలేదు.

"దిగినాక తింటా."

"యాడ దిగినాక? బెజవాడలోనా?" అని రత్నం ఏడిపించాడు.

"ఊఁ. నా పెట్టెలు దిగినాకే" అంది, నవ్వకుండా.

పదిన్నరకు రేణిగుంట చేరాం. తూకానికీ చీటీలకీ గంట పట్టింది. రైలు పన్నెండున్నరకు. హమాలీలు లారీ తలుపు తీసి, చేతికి దగ్గరున్న గ్రేసక్క పెట్టెల్నే ముందుగా మోసి, రైలు పెట్టెలో లోపలి గోడకు ఆనించి పేర్చారు. ఆమె మురిసిపోతూ చూస్తూ చూస్తూ గట్టిగా అరిచింది.

"ఆపండప్పా! ఢిల్లీవి అడ్డం పెడితే బెజవాడలో నావి ఎట్ల తీస్తారు?"

"ఆడ బండి ఆగేది పది నిమిసాలే" అన్నాడు హమాలీల మేస్త్రీ. లారీలో సరిగ్గా ఉన్న వరుస రైల్లోకి మారేసరికి తలకిందులైంది. అలాగే వదిలేస్తే ఆ పండ్లు ఢిల్లీ దాకా పోయి కుళ్ళడమే. నోట్సు పుస్తకం బ్యాగులో దాచేసుకున్నాను, సిగ్గేసింది.

"తప్పు నాదే అక్కా" అన్నాడు రత్నం. ఇక్కడ డ్రైవర్లు సరుకు మీద చెయ్యి వెయ్యరు, అది హమాలీల పని. రత్నం మాత్రం తలకు తువ్వాలు చుట్టి పెట్టె ఎత్తాడు. మేస్త్రీ ఊరుకుంటాడా! "ఏమప్పా, స్టీరింగు ఇడిసి కూలికొచ్చినావా?" అన్నాడు. "మాటలు సాలు, పట్టు సామీ!" అన్నాడు రత్నం. నలభై పెట్టెలూ బయటికి తీసి, ఢిల్లీవన్నీ లోపల పేర్చి, ఆఖరున ఆమెవి తలుపు దగ్గర పెట్టారు. నేనూ నాలుగు మోశాను, నడుము పట్టేసింది. తలుపు మూసేసరికి పన్నెండు ఇరవై.

విధానం తప్పని నేననను. గ్రేసక్క లాంటివాళ్ళకు అది నిజంగా మేలే. కానీ నేను అరసెకనులో గీసే ఆ బాణం దగ్గర ఇంతమంది వీపులు వంచాలని నాకు తెలియదు. వరుస మార్చాలని రత్నానికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన చదువు చదివిన నేను, పక్కనే నిలబడి మెచ్చుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంది.

మీరు రైలుకు సరుకు పంపేటట్టయితే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: రైల్లోంచి ముందు దిగాల్సింది లారీలో అన్నిటికన్నా లోపల పెట్టించండి.

సాయంత్రం ఏడున్నరకు ఇంట్లో నడుముకు వేడినీళ్ళ కాపడం పెట్టుకుంటుంటే గ్రేసక్క ఫోను.

"నలబైయ్యీ దిగినాయంట మేడమ్. ఇప్పుడు నేను సంగటి తింటాండా."