నిద్దట్లో తిన్న బువ్వ

పోయిన నెల నన్ను ఓడ ఎక్కించారు. మద్రాసులో ఉద్యోగం చేసే మా అబ్బాయి, పిల్లలకు సెలవులని, సముద్రంలో తిప్పి మళ్ళీ అదే రేవులో దించే పెద్ద ఓడకు టికెట్లు కొని, ఎమ్మిగనూరులో పుట్టి ఆదోనిలో ముసలిదాన్నయిన నన్ను కూడా వెంటబెట్టుకుని పోయాడు. మంత్రాలయంలో తుంగభద్రను తప్ప పెద్ద నీళ్ళను చూసిన దాన్ని కాదు కాబట్టి, ఊరికి వచ్చినప్పటి నుంచీ అందరూ సముద్రం ఎట్లా ఉంది అని అడుగుతున్నారు. ఉండవలసినట్టే ఉంది. నాకు మనసులో నిలిచింది సముద్రం కాదు, అక్కడి రాత్రి భోజనం.

ఆ ఓడలో భోజనాలు రెండు పంక్తులు. మొదటి పంక్తి పొద్దు గూకేవేళకు, రెండోది బాగా పొద్దుపోయాక. మాకు రెండోది వచ్చింది. తెల్లగుడ్డ పరిచిన బల్ల ముందు కూర్చుంటే మొదట చారులాంటిది తెస్తారు, అది తీసుకుపోయి పచ్చి ఆకులు తెస్తారు, అవీ తీసుకుపోయాక ఇంక లేద్దామా అనుకునేసరికి అసలు భోజనం వస్తుంది. మా మనవరాలికి ఏడేళ్ళు, మనవడికి నాలుగు. ఆకులు వచ్చేటప్పటికే వాడు తల్లి ఒళ్ళో నిద్రపోయాడు. ఆ పిల్ల మాత్రం కళ్ళు నులుముకుంటూ ఆకలి ఆకలి అని గునుస్తూ కూర్చుంది. అప్పుడు మా అబ్బాయి నవ్వుతూనే కూతురితో ఒక మాట అన్నాడు.

"ఒక్క పూటకే ఇంత గోలనా? మీ నాయన నీ అంత ఉన్నప్పుడు ఎన్ని దినాలు తినకుండా పండుకున్నాడో అవ్వనడుగు. మా టీచరమ్మ పెట్టింటేనే బతికినాను."

ఆ అవ్వను నేనే. చేతిలోని చెంచా కింద పెట్టి, "పెట్టినానప్పా. నిద్దట్లో తిన్నావు నువ్వు, నీకు తెలీదు" అన్నాను.

"సరేలేమ్మా. మిల్లులో సచ్చేంత పని చేసొస్తాంటివి. దానికి నేనెప్పుడన్నా నిన్నేమన్నా అన్నానా?"

అనలేదు. అదే నా బాధ. వాడు నన్ను ఏనాడో క్షమించేశాడు. నిందిస్తే పోట్లాడవచ్చు, ప్రమాణం చేయవచ్చు, క్షమించిన వాడితో ఏం పోట్లాడతాం? కోడలు నా వైపు జాలిగా చూసింది, మనవరాలు పెద్ద కళ్ళు చేసుకుని చూసింది. పిల్లాణ్ణి పస్తు పండబెట్టిన తల్లిగా ఆ బల్ల దగ్గర కూర్చుని, పేరు తెలియని కూర తిన్నాను. మీలో నా వయసు వాళ్ళకు, పనికి పోయి పిల్లల్ని పెంచిన వాళ్ళకు ఈ సంగతి తెలుస్తుందని రాస్తున్నాను. అక్షరాలు నాకు నలభై దాటాక వచ్చాయి, తప్పులుంటే దిద్దుకొని చదవండి.

మా పుట్టింట్లో ఆలస్యపు భోజనం అన్నది లేదు. మాది మగ్గాల ఇల్లు. పొద్దు వాలితే గుంట మగ్గంలో పోగు కనిపించదు, తెగినది అతకడానికి కుదరదు, కాబట్టి వెలుతురు ఉండగానే మా నాయన లేచేవాడు, అందరం వాకిట్లో కూర్చుని తినేవాళ్ళం, చీకటి పడేసరికి పిల్లలంతా చాప మీద ఉండేవాళ్ళం. ఆదోనికి కోడలుగా వచ్చాక తెలిసింది, కరెంటు దీపం ఉన్న చోట పొద్దు గూకడానికీ పని ఆగడానికీ సంబంధం లేదని. మా ఆయన మార్కెట్టు యార్డులో మూటలు మోసేవాడు. నేను పత్తి మిల్లులో చెత్త ఏరే పనికి కుదిరాను. పత్తి వచ్చే కాలంలో బండ్లు వీధి చివరి వరకూ నిలబడి ఉండేవి, ఏరినంత ఏరినా తరిగేది కాదు, మేస్త్రీ పొమ్మన్నప్పుడే ఇల్లు.

ఇంటికి వచ్చిన వెంటనే వంట చేద్దామంటే అదీ కుదరదు. తలలో, రెప్పల మీద, చీర మడతల్లో అంతా దూది నుసి. ఆ నుసితో పొయ్యి దగ్గరికి పోతే నిప్పురవ్వ ఒక్కటి చాలు. మా వీధిలో ఒకామె కొంగు అట్లాగే అంటుకుంది, పక్కింటి వాళ్ళు చూసి ఆర్పారు కాబట్టి సరిపోయింది. అందుకని ముందు తలమీద నీళ్ళు పోసుకోవాలి, చీర మార్చుకోవాలి, ఆ తర్వాతే పొయ్యి. మా అత్తకు కళ్ళు సరిగా కనిపించవు, ఆమె చేత నిప్పు ముట్టించడానికి భయం. ఇక జొన్నరొట్టె అన్నది కలిపి పెట్టుకుంటే అయ్యే వంట కాదు గదా. పిండి వేడినీళ్ళతో పిసకాలి, ఒక్కొక్కటే తట్టాలి, ఒక్కొక్కటే కాల్చాలి. మొదటి రొట్టె పెనం మీద పడేసరికి మా అబ్బాయి నిద్రపోయి ఉండేవాడు.

వాణ్ణి మేలుకొలిపి ఉంచడానికి చేయని పని లేదు. మా అత్తకు కథ చెప్పమని అప్పజెబితే, రాజుగారు వేటకు బయలుదేరేలోపలే ఆమె కునికేది, వాడు ఆమె తొడ మీద తల పెట్టి పండుకునేవాడు, ఇద్దర్నీ లేపడం నా పని అయ్యేది. సాయంత్రం వాని జేబు నిండా బొరుగులు, వేయించిన శనక్కాయలు పొయ్యమని మా అత్తకు చెప్పి పోతే, వాటితోనే కడుపు నింపుకుని మరీ తొందరగా నిద్రపోయేవాడు. పాదాల మీద చన్నీళ్ళు చల్లితే ఏడ్చి ఏడ్చి, ఆ ఏడుపులోనే నిద్రపోయేవాడు. చివరికి ఇక లాభం లేదని నిద్రపోతున్న వానికే పెట్టడం మొదలుపెట్టాను.

అది ఎట్లా పెడతారో ఇప్పటి వాళ్ళకు తెలియదు, చెబుతాను. పిల్లాణ్ణి పండుకోబెట్టి పెట్టకూడదు. మన ఎడమ మోచేతికి ఆనించి, నిటారుగా కూర్చోబెట్టాలి. రొట్టెను పప్పులో బాగా నలిపి, గోలీకాయంత ముద్ద పెదవికి తాకిస్తే కళ్ళు మూసుకునే నోరు తెరుస్తాడు. నాలుగు సార్లు నమిలి మరిచిపోతాడు. అప్పుడు బుగ్గ మీద వేలితో మెల్లగా తట్టాలి, గుర్తొచ్చి మింగుతాడు. మింగాడా లేదా అని గొంతు చూసుకుని మళ్ళీ ముద్ద. మధ్యలో ఏదో గొణిగేవాడు, ఒక్కోసారి నవ్వేవాడు కూడా. రెండు రొట్టెలు తినిపించేసరికి నా చేయి తిమ్మిరెక్కేది, అప్పటికి మా ఆయన వచ్చేవాడు, ఆయనకు పెట్టి నేను తినేదాన్ని.

పొద్దున లేచీ లేవగానే వాని మొదటి మాట, "రాత్రి నాకు బువ్వ పెట్టలేదు."

మొదట్లో నవ్వుకునేవాళ్ళం. మా ఆయన వాని కడుపు మీద తట్టి, ఇది నిండిన కడుపేరా అని చెప్పేవాడు. నీళ్ళు తాగినాను, నీళ్ళకు నిండింది అనేవాడు. మా అత్త నా తరఫున సాక్ష్యం చెబితే, నీకు కండ్లు కనపడవు కదవ్వా, నీకెట్ల తెలుసు అని అడిగేవాడు. మిల్లులో నా పక్కన కూర్చునే ఆమెతో ఈ గోడు చెప్పుకుంటే ఆమె ఒక ఉపాయం చెప్పింది.

"తిన్న దినమల్లా వాని సేతిలో మసి సుక్క పెట్టు. పొద్దున్నే సూపిచ్చు. యాడికి పోతాడు?"

అది బాగుందనుకున్నాను. ఆ రాత్రి తినిపించి, మూతి కడిగి, పెనం అడుగున వేలు రాసి వాని కుడి అరచేతిలో చుక్క పెట్టాను. అక్షరం రాని దాన్ని, నాకు తెలిసిన రాత అంతే. పొద్దున చేయి తెరిచి చూపించి, ఇదేందిరా అని అడిగాను.

"సుక్క పెట్టినావు. బువ్వ పెట్టలేదు."

ఇంక మిగిలింది వాడు తిన్న కంచమే. దాన్ని అట్లాగే ఉంచి చూపిద్దామని ఒక రాత్రి కడగకుండా పొయ్యి పక్కన పెట్టాను. ఎంగిలి కంచం రాత్రంతా ఇంట్లో ఉంటే దరిద్రమని మన ఇళ్ళలో ఎంత పట్టింపో మీకు తెలుసు. కళ్ళు కనిపించకపోయినా మా అత్త చేతులకు కనిపించేది, తడుముకుంటూ వచ్చి పట్టుకుంది.

"ఏమ్మే, ఎంగిలి కంచం పెట్టుకోని పండుకుంటావా? లచ్చిందేవి ఈ గడప తొక్కుతాదా ఇంక?"

తానే కడిగి బోర్లించింది. ఆమెను తప్పు పట్టను, ఆమె నేర్చుకున్నది అది. నేనూ మరి ఏ రాత్రీ ఆ పని చేయలేదు, ఇంటికి మంచిది కాదనే భయం నాకూ ఉండింది. అట్లా వాడు తిన్న గుర్తులన్నీ ప్రతి రాత్రీ మేమే శుభ్రంగా కడిగి పెట్టుకున్నాము.

బళ్ళో ఒకరోజు పంతులమ్మ, రాత్రి ఎవరెవరు ఏమేమి తిన్నారో చెప్పమని పిల్లల్ని అడిగిందట. వీడు లేచి ఏమీ తినలేదన్నాడు. నిన్న? నిన్నా లేదు. మొన్న? మొన్నా లేదు. ఆమె నాకు కబురు పంపింది. మేస్త్రీని బతిమాలుకుని, తలనిండా నుసితోనే పోయాను. ఆమె మంచిది, గట్టిగా కూడా మాట్లాడలేదు, వరండాలోకి పిలిచి, పనికి పోవడం తప్పదు గానీ పిల్లాడి కడుపు చూసుకోవాలమ్మా అంది. నిద్రలో పెడతాను తల్లీ, పొద్దునకు మరిచిపోతాడు అన్నాను. నిద్రపోయేవాడు ఎట్లా తింటాడు అన్నట్టుగా చూసి, సరే పొండి అంది. మరుసటి రోజు నుంచి ఆమె తన క్యారియరులో వీనికి కూడా చిత్రాన్నమో బొరుగుల ఉగ్గానో తెచ్చి పెట్టింది. ఇక వాడు రాత్రి తిన్నానని ఎందుకు ఒప్పుకుంటాడు చెప్పండి. మొదట తెలియక చెప్పిన మాట, తర్వాత రుచి కోసం చెప్పగా చెప్పగా వానికే నిజమైపోయింది.

ఉద్యోగం వచ్చినప్పుడు వాడు మొదట ఆమె ఇంటికే చీర తీసుకుపోయాడు. నేనూ వెంట పోయాను, దండం పెట్టాను. అన్నం పెట్టిన తల్లికి మొక్కాలి, అందులో తప్పేముంది.

ఆ తర్వాత కొన్నేళ్ళకు మా వీధిలో ఆడవాళ్ళకు సాయంత్రం బడి పెట్టారు. పలక మీద నా పేరు రాసిన రోజు అందరూ చప్పట్లు కొట్టారు, నాకు మాత్రం ఒకటే ఆలోచన. ఇదే అక్షరం అప్పుడు వచ్చి ఉంటే, రోజూ రాత్రి వాని పలక మీద, ఈ పూట పిల్లాడు తిన్నాడు అని రాసి పంపేదాన్ని. పంతులమ్మ చదివేది. నా నోటి మాట నమ్మని వాళ్ళు రాసింది నమ్మేవాళ్ళేమో. అప్పటికి మా అబ్బాయి ఉద్యోగానికి ఊరు దాటాడు, మా అత్త పోయింది. మా ఆయన కూడా పోయి చాలా కాలమైంది. వాడు తినడం కళ్ళారా చూసిన మనిషిని ఇప్పుడు నేనొక్కదాన్నే.

ఓడలో ఆ మొదటి రాత్రి, మనవరాలు కూడా బల్ల మీద తల వాల్చేశాక, నాకు ఆశ పుట్టింది. మనవణ్ణి కోడలి ఒళ్ళోంచి మెల్లగా తీసుకుని, మోచేతికి ఆనించుకుని, పెరుగన్నం చిన్న ముద్ద చేసి పెదవికి తాకించాను. వాడు నోరు తెరిచాడు. ఆ కళ్ళు మూసుకున్న ముఖం, ఆ పెదవులు, అచ్చం వాళ్ళ నాయనే. మా అబ్బాయిని ఒక్కసారి ఇటు చూడమందామని తల తిప్పేలోపల కోడలు నా చేయి పట్టుకుంది.

"వద్దత్తమ్మా, నిద్రలో పెట్టకూడదు. గొంతుకు అడ్డం పడుతుంది."

మా అబ్బాయి సెల్లులోంచి తలెత్తి, "అవునమ్మా, డాక్టర్లు కూడా వద్దంటారు" అన్నాడు. ముద్ద పళ్ళెంలో పెట్టేశాను. వాళ్ళు చెప్పింది నిజమే. మేము చేసింది ప్రమాదమైన పనే, మాకు వేరే దారి లేక చేశాము.

మరుసటి రోజు నుంచి కోడలు తెలివిగా సర్దుకుంది. మధ్యాహ్నం పిల్లల్ని గదిలో కాసేపు పండుకోబెట్టింది, పొద్దు గూకకముందే పై అంతస్తులో ఎప్పుడూ తెరిచి ఉండే భోజనశాలకు తీసుకుపోయి అన్నం తినిపించింది, రెండో పంక్తికి పిల్లలు కడుపు నిండి కులాసాగా వచ్చి ఐస్‌క్రీము మాత్రం తిన్నారు. చూసి సంతోషించాను. ఆ పిల్లలు మెలకువగా తిన్నారు. ఎవరు పెట్టారో వాళ్ళకు తెలుసు, రేపు పెద్దయ్యాక చెప్పుకుంటారు.

మా మిల్లు వీధిలో ఇంటికొక తల్లి నాలాగే నిద్రపోయే నోళ్ళకు పెట్టింది. ఆ పిల్లలు ఇప్పుడు నలభై, యాభై ఏళ్ళ మనుషులు. యాడో ఒక చోట, చల్లని గదుల్లో, వేడి వేడి భోజనాల ముందు కూర్చుని, చిన్నప్పుడు మేము తినకుండా పండుకున్న రోజులున్నాయని తమ పిల్లలకు చెబుతూ ఉంటారు. అబద్ధం చెప్పడం లేదు వాళ్ళు, వాళ్ళకు గుర్తున్నదే చెబుతున్నారు. ఆ తల్లుల్లో చాలామంది పోయారు. మిగిలిన వాళ్ళం పక్కన కూర్చుని వింటూ ఉంటాము.