మసాయి మారాకు ఇద్దరం అనుకున్నాం

సౌదీలోని అల్ ఖోబర్‌లో నేను నర్సుగా పనిచేసే ఆసుపత్రిలోనే, అదే వార్డులో నా స్నేహితురాలు కూడా పనిచేస్తుంది. ఇద్దరిదీ గోదావరి జిల్లా. అప్పట్లో హాస్టల్లో ఒకే గది. నాకంటే చాలా చిన్నది, నన్ను అక్కా అనేది.

కెన్యాలోని మసాయి మారా అడవికి వెళ్లాలన్న ఆశ ముందు నాది. ఆగస్టులో ఆవుల్లా మందలుగా తిరిగే వేలకు వేల వైల్డ్‌బీస్ట్‌లు మారా నది దాటుతాయనీ, మొసళ్లు ఆ నీళ్లలోనే కాచుకుని ఉంటాయనీ చదివి, సాయంత్రాలు సముద్రపు ఒడ్డున కార్నిష్‌లో నడుస్తూ ఆమెకు చెప్పేదాన్ని. వింటూ వింటూ ఆమెకూ మోజు పుట్టింది. నీలం, నలుపు బట్టలకు అక్కడి ఈగలు ముసురుతాయని ఇద్దరం ఖాకీ చొక్కాలు కొనుక్కున్నాం. ఎల్లో ఫీవర్ సూది కూడా కలిసే వేయించుకున్నాం.

తీరా చూస్తే నాకు సెలవు రాలేదు. వార్డులో మనుషులు తక్కువ కదా, అందుకే అనుకున్నాను. ఆమె సెలవు మాత్రం మంజూరైంది. అమ్మకు ఒంట్లో బాగోలేదనీ, ఇంటికి వెళ్తాననీ చెప్పింది.

"నువ్వు లేకుండా ఆ జంతువుల్ని నేనెల్లి చూత్తానా అక్కా? వచ్చేయేడు ఎల్దాంలే," అంది.

వాళ్లమ్మ కోసం ప్రార్థన చేశాను. పెట్టెలో వాళ్లమ్మకని ఖర్జూరాలు కూడా నేనే సర్ది పంపాను.

వారం గడిచాక మా వార్డులోని మలయాళీ నర్సు తన ఫోన్‌లో ఒక వాట్సాప్ స్టేటస్ చూపించింది. జీపు పైకప్పులోంచి తల బయటపెట్టి, ఖాకీ చొక్కాలో నవ్వుతోంది నా గది మనిషి. పక్కన వేరే వార్డులో కొత్తగా చేరిన ఇద్దరు నర్సులు. ఆ స్టేటస్ నాకు కనబడకుండా పెట్టుకుంది.

నా సెలవు ఎందుకు రాలేదో అడగడానికి హెడ్ నర్సు దగ్గరికి వెళ్లాను. ఆవిడే ఆశ్చర్యపోయింది. మీ ఇంట్లో ఏదో పని పడిందట, సెలవు డిసెంబరుకు మార్చుకుంటారట, మీ స్నేహితురాలే వచ్చి చెప్పింది కదా అంది.  వార్డుకు తిరిగొచ్చి సెలైన్లు మార్చాను.

తిరిగొచ్చాక అడిగాను. మంచం మీద దుప్పటి సర్దుతూ అంది.

"నీతో వత్తే ప్రతిదీ నువ్వే చెప్తావక్కా. సింహం కనపడేలోపు దాని సంగతంతా నీ నోట వినాలి. నా కళ్లతో నేను చూసుకోవాలనిపించింది."

"ఆ ముక్క నాతో అనలేకపోయావా? మీ అమ్మని అడ్డం పెట్టుకోవాలా?"

 నేను ఎక్కువ వాగుతానన్నది నిజమే కావచ్చు. చెప్పి ఉంటే నోరు మూసుకుని పక్కన కూర్చునేదాన్ని.

వేరే గది అడిగి మారిపోయాను. ఇప్పుడు వార్డులో ఎదురుపడితే పేషెంట్ల సంగతి తప్ప మాట్లాడుకోం. ఈ ఆగస్టుకు నేనే స్వయంగా వెళ్లి సెలవు తీసుకున్నాను, దేశం దాటి తిరిగి రావడానికి కావాల్సిన ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా కూడా వచ్చింది. ఒక్కదాన్నే వెళ్తున్నాను. కానీ మునుపటిలా ఆ జంతువుల గురించి చదవబుద్ధి కావడం లేదు. రెండు పేజీలు తిప్పి పక్కన పెట్టేస్తున్నాను.