మోగించని అయిదు సంచులు

రేవు వీధి మొదట్లో, తాళ్ళు పేనేవారి కొట్టు పక్కన ఒక అరుగు ఉండేది. ఆ అరుగుమీద ముప్ఫై ఏళ్ళు కూర్చున్నాడు షరాబు. ఓడల్లో వచ్చే వెండి నాణేలమీద ఎన్నో దేశాల రాజుల బొమ్మలుండేవి. ఆ బొమ్మల్ని ఎవరూ నమ్మేవారు కాదు. షరాబు ఒక్కో నాణేన్నీ తన ముందున్న నల్లరాతిమీద జారవిడిచేవాడు. ఖంగుమంటే అంచున తన ముద్ర కొట్టేవాడు, చేప తోకలాంటి చిన్న గుర్తు. అది కనబడితే బియ్యం పడవవాడు మారుమాట లేకుండా పుచ్చుకునేవాడు.

"పెళ్ళాం పిలిస్తే వినబడదు గానీ, సీసం కలిస్తే వీధి చివరనుంచే వినబడుతుంది మా షరాబుగారికి" అని మూటలు మోసే ఆడవాళ్ళు ఆటపట్టించేవారు. ఆయన నవ్వి, ఎండన పడి వచ్చారని ముందు మంచినీళ్ళ చెంబు అందించేవాడు. వాళ్ళ నాణేలు ఊరికే చూసిపెట్టేవాడు.

తల్లి పోయాక ఆయన బావమరిది కూడా అక్క వెంట, అరుగు వెనకున్న ఆ ఇంటికే వచ్చాడు. షరాబే దగ్గరుండి వాడికి దొరల భాష నేర్పించాడు. దేవుడి దయవల్ల రేవు కచేరీలో దుబాసీ పని దొరికింది. దొర మాట కూలీలకూ, కూలీల మాట దొరకూ వాడే చెప్పాలి.

ఒక ఉదయం వాడు అయిదు సంచులు తెచ్చి అరుగుమీద దింపించాడు.

"కూలీల జీతాలు బావా. చేతిలో డబ్బు పడందే చివరి మూటలు ఎత్తమని కూర్చున్నారు. ఓడ కదలాలి. గబగబా ముద్ర కొట్టెయ్."

షరాబు నల్లరాయి దగ్గరకు లాక్కున్నాడు. వాడి ముఖం చిన్నబోయింది.

"నేను తెచ్చినవీ మోగించి చూస్తావా? నలుగురిలో నన్ను దొంగను చేస్తావా బావా?"

లోపలినుంచి అక్క అందుకుంది: "మన చేతి అన్నం తిన్నవాడండీ. వాడి సొమ్మునూ రాతికేసి కొడతారా?"

షరాబు రాయిని పక్కకు జరిపాడు. అన్నేళ్ళలో అదే మొదటిసారి. మధ్యాహ్నందాకా ముద్రలు కొడుతూనే ఉన్నాడు.

నాలుగు రోజులకు మూటలు మోసే ముసలామె వచ్చింది. అరుగు దగ్గర జనం పలచబడేదాకా ఓపిగ్గా నిలబడి, అప్పుడు కొంగు ముడి విప్పింది. "పడవవాడు పుచ్చుకోనన్నాడయ్యా. అందరిలో అడగడం బాగుండదని ఆగాను."

రాతిమీద ఆ నాణెం చెక్కముక్కలా టక్కుమంది. అంచున చేప తోక. షరాబు చెప్పులు కూడా వేసుకోకుండా కచేరీకి వెళ్ళాడు.

"తెలిసే తెచ్చావా?"

బావమరిది అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మంచి వెండంతా ఓడెక్కింది బావా. కూలీలకు ఇవే చాలన్నాడు దొర. నీ ముద్ర లేకపోతే ఒక్కరూ పుచ్చుకోరు."

"నాతో ఒక్క మాట అనకూడదట్రా?"

"అంటే ముద్ర కొట్టేవాడివా?"

"దొరతోనే తేల్చుకుంటాను."

"నీ మాట ఆయనకు చెప్పాల్సింది నేనే కదా బావా! ఏం చెప్పమంటావు? ముద్ర నీది. కచేరీది కాదు."

షరాబు ఇంటికి వచ్చేసరికి భార్యకు సంగతి తెలిసిపోయింది. తన వెండి కడియాలు తీసి నల్లరాతి పక్కన పెట్టింది. చేప తోక ఉన్న ప్రతి చెడ్డ నాణేనికీ మంచిది ఇచ్చుకుంటూ పోయాడాయన. రెండేళ్ళు పట్టింది. ఆయన అవస్థ చూడలేక కొందరు ఆడవాళ్ళు "మాది ఎక్కడో పోయిందిలెండి" అన్నారు. ఆ తర్వాత ఆయన మోగించి మంచిచెడ్డలు నోటితో చెప్పేవాడే తప్ప ముద్ర కొట్టలేదు.

కొన్నేళ్ళకు బావమరిది ఒక సంచితో వచ్చాడు. "ఇల్లు కొంటున్నాను బావా. అమ్మేవాడు నువ్వు చూస్తే చాలంటున్నాడు."

అందరికీ ఇచ్చినట్టే వాడికీ మంచినీళ్ళ చెంబు అందించాడు షరాబు. తర్వాత నల్లరాయి ముందుకు జరుపుకుని ఒక్కో నాణేన్నీ మోగించాడు. వీధంతా చూస్తుండగా వాడు ఎండలో నిలబడే ఉన్నాడు. లోపల అక్కకు ప్రతి మోతా వినబడుతూనే ఉంది. ఈసారి ఆమె ఏమీ అనలేదు.

సంచి అడుగుదాకా అయ్యాక షరాబు తల ఎత్తాడు.

"అన్నీ మంచి వెండే" అన్నాడు.