మామ పసుపు చేనులో అక్క పెంచిన బూజు

ఆ ఏడు తెలంగాణ సమ్మెకు బస్సులు బందయ్యాయి. హైదరాబాద్‌లో నా కాలేజీ మూతపడింది. సారంగాపూర్‌లో మేనమామ ఇంట్లో ఇరుక్కుపోయాను. మామ దుబాయిలో ఉండేవాడు. ఆ ఇంట్లో సిగ్నల్ సరిగ్గా అందేది నా ఫోన్‌కే కాబట్టి నాకే చేసేవాడు. చేసి, నేను హలో అనేలోపే "అక్కకియ్యి" అనేవాడు.

అక్క అంటే ఆయన కొత్త కోడలు, బావ పెళ్లాం. వ్యవసాయ డిప్లొమా చదివింది. అంతకుముందు మామకు "బిడ్డా" అంటే నేనే. ఇప్పుడు నా ఫోన్‌లోంచే ఆ పిలుపు ఆమెకు పోతుంటే ఒళ్లు మండేది. పైగా అయిపోయేది నా బ్యాటరీ. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు.

పసుపు చేనులో వేరుపురుగు పడింది. మొక్కను పట్టి లాగితే వేళ్లు లేకుండా ఊడొచ్చేది. నేను గుళికల మందు చల్లమన్నాను. అక్క వద్దంది. పురుగుకు జబ్బు తెప్పించే శిలీంధ్రం పొడి తెచ్చి, మాగిన పశువుల పెంటలో కలిపి, నీడన తడి గోనెసంచులు కప్పింది. మామ ఆమె మాటే విన్నాడు.

"ఆగి సూద్దాం. సావకపోతే గుళికలేద్దాం."

వారం పోయాక సంచి ఎత్తి చూశాను. పెంటంతా బూజు. నాకు ప్రాణం లేచొచ్చింది. మిస్డ్ కాల్ ఇస్తే మామే చేశాడు.

"మామా, నీ కోడలు పెంటను కరాబ్ చేసింది. అంతా బూజే."

"తెల్లగున్నదా, ఆకుపచ్చగైందా?"

"ఆకుపచ్చగనే ఉంది."

"గదే గావాలె. మంచిగ పెరిగింది. అక్కకియ్యి."

అక్క వెనకాలే నిలబడి ఉంది. "చాడీలు చెప్పుడు అయిపోయిందా చెల్లె?" అంది. ఫోన్ ఇవ్వకుండా కట్ చేశాను.

ఆ సాయంత్రం వాన పడి వెలిసింది. తడి ఆరకముందే ఆమె మొక్కల మొదళ్లలో ఆ పెంట వేసింది. తర్వాత నేను ఎవరూ చూడకుండా తవ్వి చూసేదాన్ని. పురుగు బతికుంటే బాగుండనుకునేదాన్ని. తెల్లగా, బలిసి, బతికే ఉండేది. ఒకరోజు మాత్రం చేతికి సున్నపుముక్కలా గట్టిగా తగిలింది. ఒంటినిండా ఆకుపచ్చ బూజు.

అప్పుడే ఫోన్ మోగింది.

"బిడ్డ ఏది?"

"ఈడనే ఉన్న."

"నువ్ గాదే, అక్క."

"అక్క లేదు. పురుగు సచ్చింది. నేనే సూసిన. ఇయ్యాల నాతోనే మాట్లాడు."

అవతల మామ నవ్వాడు. "ఒక్కటి సస్తే ఏమైతది? ఇంకో మొక్క కింద తవ్వు. నేను లైన్ల ఉంట."

ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మోకాళ్ల మీద కూర్చున్నాను. రెండో మొక్క కింద పురుగు బతికే ఉంది. సంబరంగా చెప్పాను. ఇంకోటి తవ్వమన్నాడు. అక్కడ రెండు చచ్చి ఉన్నాయి. అదీ చెప్పాల్సొచ్చింది.