లాగితే ఊడని ముడి

ఈరోజు మధ్యాహ్నం మా మామగారు ఆర్.కె.పేట పక్కనున్న మా అత్తవారి ఊరి నుంచి మణవాళనగర్‌లోని మా ఇంటికి వచ్చారు. వస్తూ ఒక చిన్న సంచి నిండా పచ్చి వేరుశెనక్కాయలు తెచ్చి, మూతి కట్టిన ఆ సంచిని గుమ్మం లోపల పెట్టి ఇంకా చెప్పులు విడుస్తూనే ఉన్నారు, ఒకటో తరగతి చదివే మా పాప పరుగెత్తుకొచ్చి సంచి మూతి దగ్గర వేలాడుతున్న తాడు కొస పట్టుకుని ఒక్క లాగు లాగింది. ముడి జారిపోయి కాయలన్నీ హాలంతా దొర్లాయి. పాప నవ్వింది, తాత నవ్వారు, నేను మాత్రం వంటింటి గడపలో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. చిన్న చెయ్యి ఏదో ఒక కొసను పట్టుకుని లాగడం ఎప్పుడు చూసినా నాకు భయమే. ఇప్పుడు ఇంట్లో అందరూ నిద్రపోయారు. నాకు నిద్ర పట్టదని తెలుసు కాబట్టి, కాగితం మీద పెడితే ఆ భయం కొంతైనా దిగుతుందేమోనని కూర్చున్నాను.

మన ఈడు వాళ్ళకు టీవీ అంటే ముందు గుర్తొచ్చేది తెర కాదు, దాని వీపు. తిరుత్తణిలో మా పుట్టింట్లో గోడకు ఆనకుండా ముందుకు జరిగి కూర్చునే ఆ పెద్ద వీపు మీద అమ్మ కుట్టిన గుడ్డ కప్పి ఉండేది. ఆయుధపూజ నాడు తెర మూలల్లో పెట్టిన చందనం బొట్లను మళ్ళీ పండగ దాకా తుడవనిచ్చేది కాదు కనుక, వార్తలు చదివే ఆవిడ భుజం మీద ఏడాది పొడుగునా ఒక పసుపు మరక ఉండేది. మేడ మీది యాంటెన్నాను గాలి బాగున్న రోజున ఆంధ్రా వైపు తిప్పితే తెలుగు వచ్చేది, లేకపోతే అరవం. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, కాలేజీలో ఇంకొక భాషగా పెరిగిన నాకు, ఇసుక రాలినట్టున్న ఆ తెర మీద ఎప్పుడో ఒకసారి మా ఇంటి మాటలు వినిపించడం ఎంత సంబరమో చెప్పలేను.

పెళ్ళయి అత్తగారింటికి వచ్చాక చూస్తే అక్కడా అలాంటి టీవీయే ఉండేది. అది నేత ఇల్లు. పొడుగాటి హాల్లో సగం మామగారి గుంట మగ్గానిదే. నేలలో తవ్విన గుంటలో కాళ్ళు దించి, గుంట అంచున కూర్చుని ఆయన నేస్తూ ఉంటే, ఎదురుగా పాత మగ్గం కొయ్యతో చేయించిన ఎత్తైన సన్నటి బల్ల మీద టీవీ ఉండేది, పడుగు మీది నుంచి తల ఎత్తితే బొమ్మ కనిపించాలని. కేబుల్లో వచ్చే ఒకటి రెండు తెలుగు చానళ్ళు కూడా ఆ మధ్య ఆగిపోయాయి. అత్త దానికి పెద్ద దిగులు పెట్టుకుంది.

"మన దేముడు మన మాట మాట్లాడి ఎన్నాళ్ళయిందిరా! ఎంకన్న కూడా నాతో అరవంలోనే మాట్లాడతాండాడు," అని మా ఆయన్ను సాధించేది.

నాకు ఇంకో దిగులుండేది. పాపకు అప్పటికి రెండున్నరేళ్ళు, ముద్దుగా మాటలు అతికిస్తోంది. ఫోను చేతికిస్తే కళ్ళు పోతాయని భయం, ఇవ్వకపోతే తెలుగు పాటలు ఎక్కడ వింటుందని బెంగ. అందుకే పాత టీవీకే ఒక చిన్న పెట్టె తగిలించి ఇంటర్నెట్ పెట్టవచ్చని మా ఆయన చెప్పినప్పుడు అత్త కంటే ముందు సరేనన్నది నేనే. తీరా తిరువళ్ళూరు అంగట్లో అడిగితే, అంత పాత టీవీకి ఆ చిన్న పెట్టె నేరుగా తగలదు, మధ్యలో ఇంకో పెట్టె కావాలి, అందులోంచి ఎరుపు, పసుపు, తెలుపు తలల వైరు టీవీ వెనక్కి వెళ్ళాలి అన్నారట. ఆ రెండు పెట్టెలకూ మళ్ళీ వేరువేరుగా కరెంటు. మా ఆయన అన్నీ తగిలించి లేచేసరికి బల్ల ముందూ వెనకా వైర్లే.

"ఏందిరా ఇది, టీవీకి గ్లూకోసు ఎక్కించినట్టుండాది!" అంది అత్త.

బొమ్మ సాగిపోయి మనుషులందరూ లావుగా కనిపించినా, అక్షరాలు చీమల్లా ఉన్నా, తెలుగు వచ్చింది. అత్త చెంపలు వేసుకుంది. పాప మాత్రం తెర వైపు చూడనే లేదు. వేడెక్కుతుందని బల్ల ముందుకు వేలాడదీసిన చిన్న పెట్టెలో వెలుగుతున్న నీలం దీపాన్ని "చుక్క, చుక్క" అంటూ దాని చుట్టే తిరిగింది.

నేతవాళ్ళ కంటికి వేలాడే పోగు అంటే ఎంత చిరాకో ఆ ఇంట్లో ఉంటే కానీ తెలియదు. తువ్వాలు అంచున దారం లేచినా మామగారు దాన్ని చుట్టి ముడివేసి కానీ భుజాన వేసుకోరు.

"పోగులిట్లా యాలాడతా ఉంటే నాకు నేత సాగదు," అని మరునాడే గుంటలోంచి లేచారు. గంజి పెట్టిన పడుగు నూలును పేటలు పేటలుగా పేని, వైర్లన్నింటినీ ఒక జడలాగా చేర్చి, టీవీ నడుము చుట్టూ తిప్పి బిగించారు. తెగిన పోగులను అతికే ముడి అది. ఎంత లాగితే అంత బిగుస్తుంది.

"ఇంక ఏనుగొచ్చి లాగినా ఊడదు," అన్నారు చేతులు దులుపుకుంటూ.

కరెంటు వైర్లు పాప చేతికి చిక్కుతాయని ముందురోజంతా భయపడుతూ ఉన్న నాకు, ఆ కట్టును చూస్తే ప్రాణం కుదుటపడింది. లాగితే ఊడిపోవడమే ఆ వైర్లకు మంచిదని మా ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. ముడి ఊడటమంటే ఆ ఇంట్లో పరువు పోయినట్టు.

అత్త ఏదో పెళ్ళికి పాండూరు వెళ్ళిన రోజది. మా ఆయన ఫ్యాక్టరీలో ఉన్నారు. నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. ఆ ఇంట్లో నాకొక ధైర్యం ఉండేది, అది మగ్గం చప్పుడు. టక్, టక్ అని అది వినిపిస్తున్నంతసేపు మామగారు అక్కడే ఉన్నట్టు, పాప ఆయన కంటి ముందే ఆడుకుంటున్నట్టు. ఆ రోజు చీర పిండుతూ ఉండగా ఆ చప్పుడు ఆగింది. ఆయన మంచినీళ్ళకు వంటింట్లోకి లేచారని తర్వాత తెలిసింది. నేను చీరను బకెట్లో వదిలేసి గడప దాకా వచ్చానో లేదో, ఇల్లంతా అదిరే చప్పుడు.

హాల్లో టీవీ బోర్లా పడి ఉంది. చుట్టూ గాజు, ఏదో కాలిన వాసన. పాప లేదు.

పేరు పెట్టి పిలిచానో లేదో గుర్తులేదు. పాప ఆ టీవీ కిందే ఉందని నా కాళ్ళకూ చేతులకూ తెలిసిపోయినట్టు వంగి ఎత్తబోయాను. అది కదల్లేదు. ఆ కాలం టీవీల బరువంతా ముఖంలోనే ఉంటుంది. మామగారు చెంబు పారేసి పరుగెత్తుకొచ్చి రెండో వైపు పట్టుకున్నారు. ఇద్దరం కలిసి లేపాం. కింద గాజుపెంకులు తప్ప ఏమీ లేదు.

"పాప యాడ? అమ్మా, పాప యాడ?" అని ఆయన నన్ను అడుగుతున్నారు, నేను ఆయన్ను అడుగుతున్నాను. అప్పుడు చూశాను వైర్ల జడను. అది టీవీ నడుము నుంచి బయల్దేరి, నేల మీదుగా బిగుతుగా సాగి, మగ్గం గుంటలోకి దిగింది. దాన్ని పట్టుకునే వెళ్ళి పడుగు కిందికి వంగి చూస్తే, చీకట్లో, తొక్కుడు చెక్కల మధ్య పాప కూర్చుని ఉంది. దీపం ఆరిపోయిన ఆ చిన్న పెట్టెను రెండు చేతులా గుండెలకు కరుచుకుని ఉంది. చుక్కను తెంపుకుని పోదామని వేలాడే పెట్టెను పట్టుకుని వెనక్కి వెనక్కి నడిచి ఖాళీ గుంటలో పడినట్టుంది, పడిన బరువుకు టీవీ తూలి కిందికి వచ్చింది. మామూలుగా అయితే ఆ మూడు రంగుల తలలు ఇట్టే ఊడి వచ్చేవి. పెట్టె పాపతో గుంటలో ఉన్నా, టీవీ నేల మీద పగిలి ఉన్నా, మామగారి ముడి మాత్రం సడలలేదు. ఆ సమయానికి ఆయన నీళ్ళకు లేవకుండా గుంటలోనే కూర్చుని ఉంటే పాప టీవీ ముందే ఆగిపోయేది, టీవీ దాని మీదే పడేది కదా అన్నది నాకు చాలా రోజుల తర్వాత తట్టింది. అది తట్టిన రోజంతా అన్నం తినలేకపోయాను.

ఒంటి మీద గీత కూడా పడలేదు. కానీ పాప ఏడవలేదు. నోరు తెరిచింది, శబ్దం రాలేదు. సాయంత్రానికి నోరు మూసుకుంది, ఆ తర్వాత మాట లేదు. తిరుత్తణిలో పిల్లల డాక్టరు చెవులూ గొంతూ చూసి, "ఒణ్ణుమ్ ఇల్లమ్మా," ఏమీ లేదు, భయపడింది, అదే వస్తుంది అన్నారు. ఎప్పుడు వస్తుందని అడిగితే నవ్వి తర్వాతి బిడ్డను లోపలికి పిలిచారు. నేను చెంచా చూపించి ఇదేంది అంటాను, కాకిని చూపించి అదేంది అంటాను. పాప నా నోటి వైపు చూస్తుందే కానీ పెదవి కదపదు. నేర్చుకున్న మాటలన్నీ ఆ గుంటలోనే పడిపోయాయా, ఇక అమ్మా అని పిలవదా అని, దాని పక్కన పడుకుని ఊపిరి వింటూ ఉండేదాన్ని.

ఇల్లంతా ఒకటే మాట. "ముడేసి ముడేసి బిడ్డ పానం మీదికి తెచ్చినావు కదయ్యా! పెట్టెను చుమ్మా అట్లానే వదిలేసుంటే యేం పోయేది? ముడెయ్యొద్దంటే ఇనే మనిసివా నువ్వు?" అని అత్త అనని పూట లేదు, అసలు ముందు ఎవరూ వద్దనలేదని ఆమెకూ తెలుసు. అత్త తాయెత్తు తెచ్చి పాప చేతికి కట్టేటప్పుడు మామగారు లేచి వీధిలోకి వెళ్ళిపోయారు. మగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉండిపోయింది. ఆ చప్పుడు లేని ఇల్లు నాకు ఇంకా భయంగా ఉండేది. పాప పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడుకే నిద్రపోయింది కదా అనిపించి ఒకరోజు ఆయన ముందు నిలబడ్డాను.

"నేయండి మామా."

"ఈ చేతుల్తోనామ్మా?" అన్నారు.

"ఆ చేతులతోనే. పాప వింటుంది, నేయండి."

ఆయన తువ్వాలు తీసి పక్కన పెట్టి గుంటలో కాళ్ళు దించారు. టక్, టక్. మొదట తడబడి, తర్వాత ఎప్పటిలాగా. పాప గోడ వారగా వచ్చి, గుంటకు కొంచెం దూరంగా కూర్చుంది. కాసేపటికి ఒక పోగు తెగింది. ఆయన అలవాటుగా మగ్గం ఆపి, రెండు కొసలూ వేళ్ళ మధ్యకు తీసుకున్నారు.

"ముడెయ్యొద్దు తాతా."

అత్త గొంతులోని విసురుతో సహా అచ్చంగా అలాగే అంది. ఇన్ని రోజులుగా మా మాటలు వింటూనే ఉందన్నమాట. నేను పాపను ఎత్తుకుని ఏడ్చాను, అత్త వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, "నా తల్లే, ఇంకొక తూరి తిట్టు మీ తాతను!" అని నవ్వుతూ ఏడ్చింది. మామగారి వేళ్ళలోంచి రెండు కొసలూ జారిపోయాయి.

ఆ తర్వాత ఆయన ముడి వెయ్యలేదు. పోగు తెగితే అత్తను పిలిచేవారు. ఆమె గొణుక్కుంటూ వచ్చి అతికి వెళ్ళేది. "బిడ్డ ఏదో అనింది, దానికింత పంతమా!" అన్నా వినలేదు. సంచీకైనా, దూడకైనా, తన పంచె మూటకైనా లాగితే వచ్చేసే జారుముడే. ఊళ్ళో దూడ రోజూ తప్పించుకుపోయేది, అందరూ నవ్వేవాళ్ళు. పోయిన ఏడాది నుంచి అత్త కంటికి పోగు ఆనడం లేదు. మగ్గం ఆగిపోయింది.

మేము కాపురం మార్చిన ఈ మణవాళనగర్ ఇంట్లో టీవీకి వీపు లేదు. గోడకు బల్లిలా అతుక్కుని ఉంది, ఇంటర్నెట్ దాని లోపలే ఉంది, ఒక్క వైరు, అదీ గోడలోకే. అత్త ఫోన్ చేసి ఏమేం తెలుగు కార్యక్రమాలు వస్తున్నాయని అడుగుతుంది. అయినా అది గట్టిగా ఉందో లేదోనని పడుకోబోయే ముందు నేను రోజూ చెయ్యి పెట్టి చూస్తాను. ఎవరూ లేని గదిలో కూడా అది ఒక పాట తర్వాత ఇంకొకటి తనంతట తానే పాడుకుంటూ ఉంటుంది. ఆ రోజుల్లో చప్పుడు వినిపిస్తే ఒక మనిషి ఉన్నట్టు, ఆగితే పరుగెత్తాలని తెలిసేది. ఇప్పుడు ఏ చప్పుడు ఆగినప్పుడు నేను పరుగెత్తాలో నాకు తెలియడం లేదు.

సాయంత్రం కాయలు ఏరడం అయ్యాక పాప రిబ్బను పట్టుకుని తాత ఒళ్ళో కూర్చుంది. ఆ రోజు సంగతేదీ దానికి గుర్తులేదు. ఆయన జడ చివర జారుముడి వేశారు. అది రెండు గెంతులు గెంతగానే ఊడిపోయింది. మళ్ళీ వేశారు, మళ్ళీ ఊడింది.

"ఏం తాతా నువ్వు, నీకు ముడెయ్యను రాదా? గట్టిగా ఎయ్యి!" అని కసిరింది.

ఆయన తలెత్తి నా వైపు చూశారు. అది జడే కదా, రిబ్బనే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

"వేయండి మామా," అన్నాను.

వేళ్ళు కాసేపు వెతుక్కున్నాయి, ఆ తర్వాత చూసేలోగా అయిపోయింది. ఇందాక నిద్రలో గుచ్చుకుంటుందని విప్పబోయాను. రాలేదు. దీపం దగ్గరికి తెచ్చుకుని మళ్ళీ చూశాను, లాగితే ఇంకా బిగిసింది. కత్తెర తెచ్చుకున్నాను కానీ కొయ్యబుద్ధి కాలేదు. పాపను పక్కకు తిప్పి పడుకోబెట్టి, జడను దిండు అవతలికి వేసి వచ్చాను.