మా చర్చి కప్పుకు పెట్టిన కంత

ఫోనులో నెట్టు చవకైన ఆ కొత్తల్లో, లోకంలో ఎవరు ఏ మంచి పని చేసినా మా ఊర్లో దాన్ని మొదట చూసింది నేనే కాబట్టి, సగం చేసింది కూడా నేనేనన్న ధీమాతో బతికేవాణ్ణి. చదువు చూస్తే తొమ్మిదో తరగతి. అదీ తప్పాను. పోనీ తప్పడంలోనైనా ఊరికి మొదటివాణ్ణి అనిపించుకుందామంటే, నాకంటే తక్కువ మార్కులు తెచ్చుకున్న మహానుభావుడు ఇంకొకడుండి ఆ పేరు కూడా దక్కనివ్వలేదు.

పత్తికొండలో ఒక ఫోటో స్టూడియోలో పనిచేసేవాణ్ణి. పెళ్ళి ఫోటోలు, టమాటా మండీ బోర్డులు, పుట్టినరోజు ఫ్లెక్సీలు. ఓనరు అన్నం తిని కునుకు తీసే గంటన్నరే నా కాలేజీ. ఆ గంటన్నరలో దేశదేశాల కుర్చీలూ, కట్టడాలూ, ఫోటోలూ, సినిమాలూ, మిషన్లతో చేసే పాటలూ చూసి, విని, అందులో మేలైనవి ఏరుకొని ఆదివారం మా ఊరికి మోసుకుపోయేవాణ్ణి. ఆరాధన అయిపోగానే చర్చి అరుగు మీద నా కొలువు మొదలు. ప్రతిదీ "నేనొకటి కనిపెట్టినా" అని ఎత్తుకునేవాణ్ణి గనుక, ఊరు ఊరంతా నాకు కనిపెట్టినోడు అని పేరు పెట్టింది. మూడు కాళ్ళ కుర్చీ డిజైను చూపిస్తే మా పెదనాయన, "నాలుగోది ఎవురెత్తుకపోయినార్రా?" అనేవాడు. ఎవరూ లేని మట్టి రోడ్డు ఫోటో చూపించి, ఇందులో ఎంత ఒంటరితనం ఉందో చూడండి అంటే, "ఆలూరు దావన పో, ఇట్లాంటివి శానా ఉండాయి" అనేవారు. ఒక సినిమాలో మనిషి కిటికీలోంచి అరగంట అలా చూస్తూనే ఉంటాడని చెబితే, "కరెంటు పోయింటాది పాపం" అని జాలిపడింది మా చిన్నమ్మ. మిషను పాట పెట్టినప్పుడైతే చెవి దగ్గరికి తెచ్చుకొని మరీ విని, "బోరులో నీళ్ళు లేక మోటరు గాలి పీలుస్తాండాది, ఆపురా నాయనా, కాలిపోతాది" అంది. (ఆ మాట నేను మరిచిపోలేదు. మరిచిపోయి ఉంటే బాగుండేది.)

అట్లాంటి ఒక ఆదివారం చూపించాను, చలిదేశంలో ఎక్కడిదో ఒక ప్రార్థన మందిరం. లోపలంతా చీకటి. కప్పులో గుండ్రటి కంత. దాంట్లోంచి వెలుతురు స్తంభంలా దిగి నేల మీద నిలబడి ఉంది. అప్పుడే మా పాత చర్చి మిద్దె పడగొట్టి కొత్తగా స్లాబు వేయడానికి సిద్ధమవుతున్నారు. "అయ్యగారూ, మన ప్రభువు బల్లకు సరిగ్గా పైన ఇట్లాంటిది పెడదాం. మిట్టమధ్యాహ్నం ప్రార్థన వేళకు వెలుతురు వచ్చి బల్ల మీద నిలబడతాది" అన్నాను. పాస్టరయ్యగారు ఫోనును ముక్కు దగ్గరికి తెచ్చుకొని చాలాసేపు చూశారు. పెదనాయన మాత్రం లేచాడు. ఆయన సంఘ పెద్ద, మా నాయనకు అన్న, మా ఇంట్లో ఆఖరి మాట ఆయనదే. తల మీద ఒక్క వెంట్రుక లేకపోయినా ఊర్లో అందరి జుట్టూ ఆయన చేతిలోనే ఉండేది.

"కప్పు ఏసేది ఎందుకప్పా? ఎండా వానా పడకుండా. దానికి మల్లా కంత పెట్టేదెందుకు? వానొస్తే?"

"మన తట్టు వాన యాడొస్తాది పెదనాయనా? పైన అద్దం బిగిస్తాం" అన్నాను.

అయ్యగారు నవ్వి, "కరెంటు పోయిన దినం కూడా వెలుగుంటుంది, పెట్టనీయండి" అన్నారు. అయ్యగారి మాట కాదనలేక పెదనాయన నా మీద పందెం వేశాడు. "సరే. ప్రతిష్ఠ పండగనాడు సంఘమంతా చూస్తాండంగా వెలుతురు బల్ల మీద పడల్ల. పడకపోతే ఆ ఫోను నా పెట్టెలో, నువ్వు నా టమాటా చేన్లో." నేను సరేనన్నాను. టమాటా తోట అంటే నాకు ద్వేషం లేదు. కానీ ఆ ఫోను పోతే నా కుర్చీలూ, కట్టడాలూ, పాటలూ అన్నీ పోయి, మళ్ళీ తొమ్మిదో తరగతి తప్పినవాడొక్కడే మిగులుతాడు.

ఏప్రిల్ ఆఖర్లో సెంట్రింగు పలకలు కొట్టిన రోజు, మేస్త్రీ తూకంగుండు అడిగి తీసుకొని, మిట్టమధ్యాహ్నం బల్ల ఉండబోయే చోటికి సరిగ్గా పైన వేలాడదీసి గుర్తు పెట్టాను. సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. గుండు నీడ గుండు కిందే పడింది. పలకలు విప్పాక చూస్తే, వెలుతురు వచ్చి సరిగ్గా బల్ల చోటున పళ్ళెంలా కూర్చుంది. మేస్త్రీ నా భుజం తట్టాడు. ఆ పూట నేను నేల మీద నడవలేదు.

ఒక్క మా జేజి (మా నాయన తల్లి, పుట్టినప్పటి నుంచీ మట్టి మిద్దెలోనే కాపురం) కింద కూర్చొని పైకి చూసి, "చలికాలం యాడ పడతాదో చూసుకున్నావా?" అంది. "మన మిద్దెకు గవాచి ఉండాది గదా, ఎండాకాలం దాని వెలుతురు రోట్లో పడతాది. కోతల నాటికి అది జరిగి జరిగి గోడకుండే బానల మీదికి పోతాది. నేను దాన్ని చూసే పొయ్యి ముట్టిచ్చేది." మా వైపు మిద్దెలకు పొగ పోవడానికీ వెలుతురు రావడానికీ కప్పులో వదిలే కంతను గవాచి అంటారు. నేను జాలిగా నవ్వి, "జేజీ, అది గవాచి. ఇది డిజైను" అన్నాను.

గచ్చు పని, రంగుల పని సాగి సాగి, ప్రతిష్ఠ డిసెంబరులో కోతపండుగకు కుదిరింది. అంతవరకూ ఆరాధన బయట పందిట్లోనే జరిగేది కాబట్టి లోపల వెలుతురు ఎక్కడ తిరుగుతోందో నేను చూడనే లేదు. ఆ తీరికలో ఇంకో ఘనకార్యం చేశాను. చిన్నమ్మ మాట గుర్తొచ్చి, పెదనాయన బోరు మోటరు గాలి పీల్చే చప్పుడు ఫోనులో పట్టి, దాన్ని కోసి, సాగదీసి, పొరలు పొరలుగా పేర్చి ఒక పాట కట్టాను. మిట్టమధ్యాహ్నం వెలుతురు దిగే వేళకు స్పీకరులో సన్నగా మొదలుకావాలని ఏర్పాటు.

పండుగనాడు చర్చి కిటకిటలాడింది. బల్ల మీద జొన్న కంకులు, గుమ్మడికాయలు, తొలి కాపు టమాటాలు. బల్లకు ఉత్తరం పక్కన పెద్దల కుర్చీలు, వాటిలో మా పెదనాయన తెల్లచొక్కాతో. అయ్యగారు ప్రసంగిస్తున్నారు. నేను ఫోను ఎత్తి, బల్ల మీద గురి పెట్టి కూర్చున్నాను. పన్నెండు దగ్గరపడింది. వెలుతురు దిగింది. బల్ల మీద లేదు. నేల మీద లేదు. వెతుక్కుంటూ పోతే, పది అడుగుల అవతల మా పెదనాయన నున్నటి తల మీద నిండుగా, నిదానంగా కూర్చొని ఉంది. తల తళతళలాడుతోంది. ఆడవాళ్ళ వరసలో ఎవరో "స్తోత్రం!" అన్నారు. పెదనాయన చేత్తో అడ్డం పెట్టుకొని, కుర్చీ కొంచెం జరిపాడు. కాసేపటికి వెలుతురు కూడా కొంచెం జరిగింది. నాకు కళ్ళముందు టమాటా చేను సాళ్ళు సాళ్ళుగా కనిపించింది.

అప్పుడే స్పీకరులో నా పాట మొదలైంది. బుం... బుం... గుర్ర్... పెదనాయన ఒక్క ఉదుటున లేచి నిలబడి, చెయ్యి పైకెత్తి, "మోటరెవురేసినార్రా? బోర్లో నీళ్ళు లేవు, కాలిపోతాది!" అని కేక పెట్టాడు. నా వేలు ఎందుకు నొక్కిందో తెలియదు గానీ ఫోటో పడింది. చర్చి అంతా గొల్లుమంది. అయ్యగారు బైబిలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు గానీ, ఆయన భుజాలు కదలడం అందరికీ కనిపించింది.

భోజనాలయ్యాక పెదనాయన నా ముందుకొచ్చి చెయ్యి చాపాడు. ఫోను ఇచ్చాను. తెర మీద ఆ ఫోటోనే ఉంది. చుట్టూ చీకటి, పైనుంచి ధారలా వెలుతురు, అందులో తేలే దుమ్ము, నడుమ చెయ్యెత్తి నిలబడిన ముసలాయన. కేక వినపడదు కదా, స్తుతి చేస్తున్నట్టే ఉన్నాడు. ఆయన చాలాసేపు చూశాడు.

"ఇది నేనేనా?"

"నువ్వే పెదనాయనా."

"నేనిట్లుంటానా?"

"వెలుతుర్లో అట్లుంటావు."

ఫోను నా జేబులో ఆయనే పెట్టాడు. "రేప్పొద్దున పత్తికొండకు పో. ఇంత పెద్దగా ఏయించి, అద్దం కట్టించుకొని రా" అని రెండు చేతులూ చాపి కొలత చూపించాడు. అంతటితో టమాటా చేను సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ ఫోటో ఇప్పటికీ వాళ్ళ నడింట్లో ఉంది, ఇప్పుడు నాకున్న చిన్న స్టూడియోలోనూ ఉంది. దాన్ని చూసి పెళ్ళి ఫోటోలకు నన్నే కావాలని వచ్చేవాళ్ళున్నారు. ప్రతి కోతపండుగకూ పెదనాయన గాలి రాలేదని వంక పెట్టి, కుర్చీని సరిగ్గా ఆ చోటికే జరుపుకుంటాడు. మేం చూడనట్టు ఉంటాం.

ఆదివారాల కొలువు మాత్రం నేను మానలేదు. మొన్నామధ్య జేజికి ఒక కట్టడం చూపించాను. కప్పులో వరసగా కంతలు; ఏ నెలలో ఏ కంత వెలుతురు ఏ గోడ మీద పడాలో లెక్కగట్టి మరీ కట్టారు. ఒక్కటి కూడా గురి తప్పదు. "దీన్ని కట్టినాయన ఎంత తెలివైనవాడో చూడు జేజీ! యాడ చదువుకున్నాడో ఏమో!" అన్నాను, ఆయనేదో నా తమ్ముడైనట్టు గర్వంగా. జేజి కళ్ళద్దాలు సవరించుకొని, తెర మీది వెలుతురును వేలితో తడిమి చూసింది.

"చదువేమోగానీ, ఆయప్ప వాళ్ళ జేజి మాట విన్నట్టుండాదిరా" అంది.